చిల్లర

కౌంటర్ అద్దానికి ఇవతల కూర్చుని
నోటును నమ్మకుండా ఉండటానికే నాకు జీతం.
వెలుతురుకెత్తి చూస్తాను,
అంచు గీతల గరుకు వేలికొసతో తడుముతాను,
మిషన్‌లో ఒకసారి, చేత్తో ఒకసారి.
"మూడోసారి మనసులో లెక్కపెట్టవయ్యా" అంటారు
మా హెడ్ కేషియర్ కోదండపాణి గారు.
నెత్తి మీద కెమెరా. అది నన్ను లెక్కపెడుతుంది.

సాయంత్రం లజ్ మూలలో పెరంబూరు బస్సు.
ఎక్కిన చోటే, ముందు తలుపు దగ్గర ఇరుక్కుపోతాను.
కండక్టర్ ఎక్కడో వెనక, తన సీట్లో,
మనుషుల అవతలి ఒడ్డున.
ఈల మాత్రం వినిపిస్తుంది.

కావలి నుంచి బదిలీ మీద వచ్చిన కొత్తలో
అందర్నీ తోసుకుంటూ ఆయన దాకా ఈదబోయాను.
నేను కాలు తొక్కిన మనిషి తిట్టలేదు,
అరచెయ్యి చాచాడు.
ఏమడుగుతున్నాడో తెలియక
జేబు గట్టిగా పట్టుకున్నాను.

ఆ రోజు నా యాభై కాగితం
నా కళ్లముందే నన్ను వదిలి వెళ్లింది.
గ్రీజు మరకల వేళ్లు, గోరింటాకు వేళ్లు,
ఫోన్‌లో ఎవరితోనో పోట్లాడుతున్న అమ్మాయి
తిట్టు తెగకుండానే అందుకుని అందించిన వేళ్లు.
రసీదు లేదు. సంతకం లేదు.
పెరంబూరు ఒణ్ణు, పెరంబూరు ఒణ్ణు అంటూ
నేను దిగాల్సిన ఊరు
నోటుతో పాటు నోటి నుంచి నోటికి నడిచింది.
ఇక రాదులే అనుకున్నాక
టికెట్‌లో చుట్టిన చిల్లర
ఎవరెవరి వేడో అంటించుకుని
నా చేతిలో వాలింది.
లెక్కపెట్టాను. అలవాటు.
సరిపోయింది.
సిగ్గేసింది.

ఏడేళ్లయింది.
ఈ ఏడేళ్లలో నా చేతి మీదుగా వెనక్కి వెళ్లిన డబ్బు
ఏ పద్దులోనూ లేదు.

మొన్న బుధవారం వాన.
డ్రైవర్ వెనక సీట్లో ఒక ముసలాయన,
ఒళ్లో తడిసిన అట్టపెట్టె,
పెట్టెలో ఏదో కదులుతోంది.
"ఓట్టేరి ఒణ్ణు" అని ఇరవై ఇచ్చాడు.
వేళ్లకు తగలగానే తెలిసిపోయింది,
నడిమికి చినిగిన నోటు.
దాన్ని ఎవరో
నీలం దారంతో కుట్టారు.
రవిక చంకలో వేసే లాంటి సన్నకుట్లు,
కంటికి ఆనకూడదని పడ్డ తంటా.

వెనక ఏళుమలై అప్పటికే
చినిగిన పది గురించి ఎవరితోనో గొడవలో ఉన్నాడు.
ఇప్పుడీ నోటు బస్సంతా వెళ్లి
బస్సంతా చూస్తుండగా తిరిగొస్తుంది,
"యారుదు ఇదీ?" అనే కేకను
వెంటబెట్టుకుని.

ఆలోచించానని చెప్పను.
రోజంతా నోట్లు మార్చే చేతులు, అవే మార్చేశాయి.
కుట్టిన ఇరవై చొక్కా జేబులోకి,
జేబులోని ఇరవై వెనక కుర్రాడి చేతికి.
కుర్రాడు చూశాడు.
చూసి, నోటు తల మీదికెత్తి
"ఓట్టేరి ఒణ్ణేయ్!" అని
నేను అరవాల్సింది తనే అరిచాడు.

ముసలాయన ఇదేం చూడలేదు.
పెట్టె చిల్లులో వేలు పెట్టి
లోపలిదానితో మాట్లాడుతున్నాడు.
టికెట్టూ చిల్లరా అందిస్తే
లెక్కచూసుకోకుండా ముడివేసుకున్నాడు.
ఓట్టేరిలో దిగుతుంటే ఎవరో గొడుగు చాపారు,
గొడుగు అందినంత మేరకే.
ఇంకెవరో పెట్టె కిందికి అందించారు.
కియ్ మంది లోపల కోడిపిల్ల.
బస్సు కదిలింది.

మా ఇంట్లో ఎవరినైనా చులకన చెయ్యాలంటే
"వాడో చిల్లర మనిషి" అనేవారు మా పెదనాన్న.
ఆ సాయంత్రం చిల్లర మనుషులం అరవై మందిమి
ఒకరి తడి ఒకరికి పూసుకుంటూ
పెరంబూరు దాకా నిలబడే వెళ్లాం.

ఆ నోటు ఇంకా నా దగ్గరే ఉంది.
కౌంటర్‌లో ఇచ్చి మార్చుకోవచ్చు, రూలు ఒప్పుకుంటుంది.
ఇవాళ కోదండపాణి గారికి చూపించాను.
అలవాటు కొద్దీ వెలుతురుకెత్తారు,
కళ్లజోడు తీసి దగ్గరగా పెట్టుకున్నారు.
క్యూలో ఎవరో దగ్గారు.
"పదిహేడు కుట్లు" అన్నారు, చాలాసేపటికి.